ఫ్యూజు పీకక ముందే సాయం అందాలి: పేదింటి కరెంటు బిల్లుపై బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి, విద్యుత్ శాఖ మంత్రి గారికి,
రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి చైర్మన్ గారికి, సభ్యులకు,

నమస్కారం.

ముప్పై నాలుగేళ్లు కరెంటు స్తంభాలతోనే బతికి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ని. ఇప్పుడు ఒక జిల్లా కేంద్రం శివారులో, రేకుల ఇళ్లే ఎక్కువగా ఉన్న బస్తీలో ఉంటున్నాను. బిల్లు చేత్తో పట్టుకుని "సారూ, ఇదేందో జర జూడుండ్రి" అంటూ మా అరుగు మీదికి వచ్చేవాళ్లు రోజుకు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ల తరఫున పోయిన ఎండాకాలం రెండు అర్జీలు రాశాను. ఒకటి సోమవారం నాడు కలెక్టరేట్‌లో ఇస్తే రసీదు నంబరు ఇచ్చారు. రెండోది రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టు కార్డు తిరిగొచ్చింది. జవాబు మాత్రం ఏ ఒక్కదానికీ రాలేదు. మళ్లీ ఎండలు ముదురుతున్నాయి కాబట్టి ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

గృహజ్యోతి మంచి పథకం. 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల లోపు వాడే, రేషన్ కార్డున్న ఇళ్లకు సున్నా బిల్లు వస్తోంది. దాదాపు 50 లక్షల ఇళ్లకు అందుతోందని ప్రభుత్వమే చెబుతోంది. ఆ సున్నా చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లను నేను స్వయంగా చూశాను. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ పథకం మామూలు నెలల్లో ఆదుకుంటోంది, ఇంటికి కష్టమొచ్చిన నెలలో చెయ్యి వదిలేస్తోంది. జబ్బు చేసినప్పుడు, ఎండ మండినప్పుడు, కూలి దొరకనప్పుడు ఏ సాయమూ లేదు. బకాయిల లిస్టు వస్తుంది, లైన్‌మన్ వస్తాడు, ఫ్యూజు పీకుతాడు. ఆ లోపల, బిల్లుకూ ఫ్యూజుకూ మధ్య ఉన్న ఆ పది పదిహేను రోజుల్లో, ప్రభుత్వం ఒక్కసారి తలుపు తట్టాలని అడగడానికే ఈ లేఖ.

ముందు జరుగుతున్నది చెబుతాను.

1. ఒక్క యూనిట్ తేడా.

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న శ్లాబుల లెక్క, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే లెక్క, మీకు కొత్త కాదు. అయినా ఒక్కసారి పేదింటి వైపు నుంచి చూడండి. నెలకు సరిగ్గా 200 యూనిట్లు వాడిన ఇల్లు గృహజ్యోతిలో కట్టేది సున్నా. 201 యూనిట్లు వాడితే కేటగిరీ మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020 రూపాయలు, ఆ పై ఒక్క యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. దీనికి ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం కలిస్తే పదకొండు వందలు దాటుతుంది. ఆ ఒక్క యూనిట్ అంటే పాత ఫ్యాను పదమూడు గంటలు తిరగడం. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఒక్క రోజు ఎక్కువ వేసుకున్న ఫ్యాను.

రీడింగ్ తేదీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోజుకు ఆరున్నర యూనిట్లు వాడే ఇంటికి ముప్పై రోజులకు రీడింగ్ తీస్తే 195 వస్తుంది. ముప్పై ఒకటో రోజు తీస్తే 201 దాటుతుంది. ఇంటివాళ్లు మీట ఒక్కటి ఎక్కువ నొక్కింది లేదు. రోజుల లెక్కన సర్దుబాటు చేస్తే అది బిల్లు మీద ఒక వరుసలో, తెలుగులో, కనబడేలా ఉండాలి. ఇప్పుడు మా అరుగు మీదికి వచ్చేవాళ్లకు అర్థమయ్యేది ఒక్కటే: "పోయిన నెల సున్న వచ్చె, ఈ నెల పదకొండు నూర్లు వచ్చె. ఏం పాపం జేసిన్నో సారూ."

పాపం ఏమీ లేదమ్మా, కూలర్ వేసుకున్నావు అని చెప్పాల్సి వస్తోంది నాకు.

2. జబ్బు మనిషి ఉన్న ఇల్లు.

ఇది కొంచెం వివరంగా చెప్పనివ్వండి. నేను అర్జీలు రాయడం మొదలుపెట్టిందే దీని వల్ల.

మా వీధిలో ఒక పెద్దాయన కంకర మిల్లులో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఆస్పత్రి నుంచి పంపిస్తూ రోజుకు పదహారు గంటలు ఆక్సిజన్ పెట్టాలన్నారు. సిలిండర్లు మోసుకొచ్చే స్తోమత లేక, చుట్టాలందరూ తలా కొంత వేసుకుని పాత ఆక్సిజన్ మిషన్ ఒకటి కొన్నారు. మంచం పక్కన పీట మీద పెట్టారు. అది గుర్రుమంటూ తిరుగుతుంటేనే ఆయనకు నిద్ర పట్టేది. దాని మీద 300 వాట్లు అని రాసుంది. పదహారు గంటలంటే రోజుకు 4.8 యూనిట్లు, నెలకు 144. రెండు ఫ్యాన్లకు ఇంకో యాభై. చిన్న ఫ్రిజ్‌కు ముప్పై. లెక్క 200 దాటిపోయింది. అంటే ఆ మిషన్ ఇంట్లోకి వచ్చిన రోజే ఆ ఇల్లు గృహజ్యోతి నుంచి బయటికి పోయింది. ఆ సంగతి వాళ్లకు బిల్లు వచ్చేదాకా తెలియదు.

మార్చి బిల్లు సున్నా. ఏప్రిల్ వాడకం 271 యూనిట్లు, బిల్లు పదహారు వందల పైచిలుకు. కొడుకు ఆటో నడుపుతాడు. ఆ నెల తండ్రి మందులకే అప్పు చేశాడు. బిల్లు కట్టలేకపోయాడు. వదిన, అంటే ఆ పెద్దాయన భార్య, చేయగలిగిందంతా చేసింది. పగలు ఫ్యాను కట్టేసి విసనకర్రతో విసిరింది. ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి, పాలు పూటకు పూట తెచ్చుకుంది. టీవీ మీద దుప్పటి కప్పింది. మీటరు దగ్గర నిలబడి ఎర్ర లైటు ఎన్నిసార్లు మిణుకుతోందో లెక్కపెట్టడం నా కళ్లతో చూశాను.

జూన్ మొదటి వారంలో ఒక ఉదయం ఫ్యూజు పీకారు. కరెంటు పోగానే ఆ మిషన్ కూత పెడుతుంది. ఆగకుండా పెడుతుంది. వీధి చివరి వరకు వినబడింది. వదిన కొంగు కూడా సరిచేసుకోకుండా పరుగెత్తుకొచ్చి స్తంభం దగ్గర ఉన్న పిల్లవాడి చెయ్యి పట్టుకుంది. వాడు కొత్తగా చేరిన కుర్రవాడు, పాతికేళ్లు ఉండవు. ఫోన్ తీసి చూపించాడు. "నాకు లిస్టు ఇచ్చిన్రు పెద్దమ్మా. అందులో మీ సర్వీసు నంబరు ఉంది. నేనేం జెయ్యాలె?" అన్నాడు. వాడి గొంతు కూడా వణికింది. వాణ్ని నేను ఒక్క మాట అనలేదు. అదే మాట నేను నా సర్వీసులో ఎన్ని గుమ్మాల ముందు అన్నానో నాకు తెలుసు. లిస్టులో సర్వీసు నంబరు ఉంటుంది, బకాయి ఉంటుంది. ఇంట్లో ఎవరున్నారో ఉండదు.

పక్క పోర్షన్ వాళ్లు కిటికీలోంచి వైరు లాగి ఆ మిషన్‌కు కరెంటు ఇచ్చారు. ఒకరి కనెక్షన్ నుంచి ఇంకొకరికి కరెంటు ఇవ్వడం చట్ట ప్రకారం తప్పు. రిటైరైన లైన్ ఇన్‌స్పెక్టర్‌ని, ఆ వైరు నా కళ్ల ముందే కిటికీ దాటింది. పైగా అతుకు దగ్గర టేపు చుట్టింది నేనే. సాయంత్రం వరకు వీధిలో తలా రెండొందలు పోగుచేసి బకాయి, దాని మీద రీకనెక్షన్ చార్జీలు కట్టాం. చీకటి పడ్డాక కరెంటు వచ్చింది.

ఆ పెద్దాయన ఆ రోజు బతికాడు. ప్రతి వీధిలో కిటికీ దాటించే వైరు దొరకదు.

3. ఎండ.

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచి నిర్ణయం. అయితే విపత్తు అని ప్రభుత్వమే ఒప్పుకున్న రోజుల్లో, అదే ప్రభుత్వ సంస్థ వెయ్యి రూపాయల బకాయికి ఫ్యాను ఎలా ఆపుతుంది? రేకుల ఇల్లు పగలంతా కాగి రాత్రి పదకొండు దాకా సెగ కక్కుతుంది. ముసలివాళ్లకు, బాలింతలకు, పొద్దంతా ఎండలో పనిచేసి వచ్చినవాళ్లకు ఆ రాత్రి ఫ్యాను గాలే మందు. 160 వాట్ల కూలర్ పన్నెండు గంటలు నడిస్తే రోజుకు దాదాపు రెండు యూనిట్లు, నెలకు అరవై. ఫిబ్రవరిలో 145 యూనిట్లు వాడిన ఇల్లు ఏప్రిల్‌లో 205 వాడుతుంది. గృహజ్యోతి చెయ్యి జారేది సరిగ్గా ఆ నెలలోనే.

4. కిరాయి ఇళ్లు.

ఒక మీటరు, మూడు పోర్షన్లు. పట్టణాల్లో ఇది ప్రతి సందులో ఉన్నదే. ఒక్కో పోర్షన్ 130 యూనిట్లు వాడితే మీటరు మీద 390 పడుతుంది. శ్లాబుల ప్రకారం యూనిట్ చార్జీలే 2,600 రూపాయలు. తలా 867. ఆ ముగ్గురికీ వేరువేరు మీటర్లుంటే, రేషన్ కార్డు ఉంటే, ముగ్గురికీ సున్నా. ఇక యజమాని సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు తొమ్మిదో పదో వసూలు చేస్తే అడిగే దిక్కు లేదు. అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటారు. విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ఇంటి యజమానే కాదు, అందులో ఉంటున్నవారు అడిగినా కనెక్షన్ ఇవ్వాలంటుంది. ఆ మాట కిరాయిదారులకు చెప్పేవాళ్లు లేరు. ఇల్లు మారిన ప్రతిసారీ రేషన్ కార్డుకు కొత్త సర్వీసు నంబరు జోడించుకోవాలని కూడా చాలామందికి తెలియదు. రెండు మూడు నెలలు బిల్లు కట్టాక ఎవరో చెబితే తెలుస్తుంది.

5. ఫ్యూజు పోయాక ఏమవుతుంది.

కరెంటు పోతే దీపం ఒక్కటే పోదు. బోరు మోటరు ఆగితే బిందె పట్టుకుని పక్క వీధికి పోవాలి. ఇంట్లో కుట్టుమిషన్‌కు మోటరు పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆడవాళ్లకు ఆ రోజు సంపాదన పోతుంది. ఫోను చార్జింగ్ అయిపోతే రేపటి కూలికి మేస్త్రీ చేసే కాల్ అందదు. అప్పు తెస్తారు. మా దగ్గర నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ. బకాయి రెండు వేలైతే ఆర్నెల్లలో వడ్డీయే ఆరు వందలు. ఆ అప్పు తీర్చే నెలలో మళ్లీ బిల్లు ఆగుతుంది. ఇలా ఒకసారి లిస్టులోకి ఎక్కిన సర్వీసు నంబరు మళ్లీ మళ్లీ లిస్టులోకి రావడం నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే గమనించాను. ఎగ్గొట్టేవాళ్లు ఉండరని నేను అనను. వాళ్లు ఎవరో లైన్‌మన్‌కు తెలుసు. కట్టలేనివాళ్లు ఎవరో కూడా అతనికే ముందు తెలుసు. కానీ ఆ రెండో మాట రాయడానికి అతని దగ్గర ఉన్న ఏ కాగితంలోనూ గడి లేదు.

చట్టం ఏమంటోందో కూడా ఇక్కడ గుర్తు చేయాలి. విద్యుత్ చట్టం 2003, 56వ సెక్షన్ ప్రకారం సరఫరా ఆపే ముందు పూర్తిగా 15 రోజుల గడువిస్తూ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇప్పుడు బిల్లు మీద చిన్న అక్షరాల్లో ముద్రించిన తేదీయే నోటీసుగా చెల్లుతోంది. ఆ కాగితం వారం రోజులు గోడకు గుచ్చితే అక్షరాలు వెలిసిపోతాయి. బిల్లు మీద తగాదా ఉంటే, అడిగిన మొత్తం గానీ, గత ఆర్నెల్ల సగటు గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో కట్టి కరెంటు నిలుపుకోవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. ముప్పై నాలుగేళ్లలో ఈ హక్కు వాడుకున్న పేదవాణ్ని నేను ఒక్కణ్ని కూడా చూడలేదు. ఎవరూ చెప్పకపోతే ఎలా వాడుకుంటారు?

మన దగ్గరే ఎందుకు చేయలేమని అడిగేముందు మిగతా చోట్ల ఏం చేస్తున్నారో చూడండి. తమిళనాడులో 2016 నుంచి రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ప్రతి ఇంటికీ ఉచితం. అంతకు మించి వాడినా ఆ వంద పోదు. ఢిల్లీలో 200 దాటి 400 యూనిట్ల లోపు వాడినవాళ్లకు సగం సబ్సిడీ ఉంది, 800 రూపాయలు మించకుండా. అంటే గీత దాటినవాణ్ని ఒక్కసారిగా కిందికి తోసేయలేదు, మెట్లు కట్టారు. అమెరికాలో బతుకుతున్న మన పిల్లలను అడిగినా చెబుతారు, అక్కడ తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల కరెంటు, గ్యాస్ బిల్లుల కోసం 1981 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. అందులో అత్యవసర సాయం భాగం వేరే. ఇంట్లో సరఫరా ఆగే పరిస్థితి వస్తే 48 గంటల్లో, ప్రాణం మీదికి వస్తే 18 గంటల్లో ఏదో ఒక సాయం అందాలని చట్టంలోనే రాసుకున్నారు. అంత డబ్బున్న దేశం కాబట్టి ఇచ్చారు అనకండి. గంటలు రాసుకోవడానికి డబ్బు అక్కర్లేదు.

మేము అడుగుతున్నవి ఇవి.

1. అత్యవసర విద్యుత్ సాయం పేరుతో ఒక నిధి పెట్టండి. రేషన్ కార్డున్న ఏ ఇల్లైనా, డిస్కనెక్షన్ తేదీ లోపు అడిగితే, ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి 2,000 రూపాయల వరకు బకాయి ఆ నిధి నుంచి నేరుగా డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, జమ కావాలి. మంజూరు అధికారం సబ్ డివిజన్‌లో ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీర్) దగ్గరే ఉండాలి. దరఖాస్తు ఒక్క పేజీ. ఆశా వర్కరో, మహిళా సంఘం అధ్యక్షురాలో, వార్డు ఆఫీసరో, ముగ్గురిలో ఎవరు సంతకం పెట్టినా చాలు. అడిగిన 48 గంటల్లో అవునో కాదో చెప్పాలి, ఆ 48 గంటలు ఫ్యూజు ముట్టుకోకూడదు.

డబ్బు ఎక్కడిదంటారా? 2025-26 బడ్జెట్‌లో గృహజ్యోతికి 2,080 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో నూటికి ఒక్క రూపాయి పక్కన పెడితే 20 కోట్ల 80 లక్షలు. ఇంటికి రెండు వేల చొప్పున లక్షా నాలుగు వేల ఇళ్లలో ఫ్యూజు పీకడం ఆగుతుంది. చట్టం 65వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ సొమ్ము ప్రభుత్వం ముందుగానే డిస్కంకు కట్టాలి కాబట్టి సంస్థలకు నష్టమూ లేదు. నష్టాల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. 2023 డిసెంబర్‌లో మీరే శాసనసభలో పెట్టిన శ్వేతపత్రంలో ప్రభుత్వ శాఖలు డిస్కంలకు కట్టాల్సిన బకాయిలు 28 వేల కోట్లకు పైగా ఉన్నాయని రాశారు. అందులో ఎత్తిపోతల పథకాలవే దాదాపు సగం. ఆ శాఖల ఆఫీసులకు ఫ్యూజులు పీకమని నేను అనను. కానీ అన్ని వేల కోట్లకు ఓపిక పట్టిన వ్యవస్థ, ఆక్సిజన్ మిషన్ నడుస్తున్న ఇంటి పదహారు వందలకు ఒక్క నెల ఓపిక పట్టాలి.

2. ప్రాణాధార పరికరాలున్న ఇళ్ల జాబితా తయారు చేయండి. ఆక్సిజన్ మిషన్, ఇంట్లో చేసుకునే డయాలసిస్, నెబ్యులైజర్, ఫ్రిజ్‌లో పెట్టాల్సిన ఇన్సులిన్, ఇవి ఉన్న ఇళ్లకు ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరు ఇచ్చిన చీటీ చాలు. లైన్‌మన్ ఫోన్‌లో వచ్చే లిస్టులో ఆ సర్వీసు నంబరు పక్కన ఎర్ర గుర్తు కనబడాలి. ఆ గుర్తు ఉన్న చోట ఏడీఈ స్వయంగా వెళ్లి చూడకుండా సరఫరా ఆపకూడదు. ఆ పరికరం వాడే యూనిట్లను 200 లెక్క నుంచి తీసేయాలి. మా వీధి పెద్దాయన లెక్కలో 271 లోంచి 144 తీస్తే 127. అంటే సున్నా బిల్లు. ఆ కుటుంబం అప్పు చేయాల్సిన పనే ఉండేది కాదు.

3. మార్చి 15 నుంచి జూన్ 15 వరకు రేషన్ కార్డు ఇళ్లకు బకాయి కారణంగా సరఫరా ఆపకండి. బకాయి మాఫీ చేయమని కాదు. వానలు పడ్డాక వాయిదాల్లో కడతారు. 2020లో లాక్‌డౌన్ తర్వాత మూడు నెలల బిల్లు ఒకేసారి మీద పడినప్పుడు వాయిదాల్లో కట్టించుకున్నాం. ఎవరూ పారిపోలేదు. ఇప్పుడైనా మూడు సమాన వాయిదాలు, వడ్డీ లేకుండా, రీకనెక్షన్ చార్జీలు లేకుండా ఇవ్వండి.

4. 200 దగ్గర గోడ తీసేసి మెట్టు కట్టండి. నియంత్రణ మండలి, ప్రభుత్వం కలిసి చేయాల్సిన పని ఇది. గృహజ్యోతి ఇల్లు 200 దాటి 300 లోపు వాడితే, దాటిన యూనిట్లకే 7 రూపాయల 70 పైసల చొప్పున వసూలు చేయండి. 225 యూనిట్లు వాడిన ఇల్లు ఇప్పుడు యూనిట్ చార్జీలే 1,212 రూపాయల 50 పైసలు కడుతోంది. మెట్టు కడితే 192 రూపాయల 50 పైసలు కడుతుంది. ఆ డబ్బు పేదవాడు కట్టగలడు, కడతాడు. సంస్థకు బకాయి తగ్గుతుంది, లైన్‌మన్‌కు తిట్లు తగ్గుతాయి. ఇది ఒక్కసారిగా కుదరదంటే, ముందు ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలకైనా మొదలుపెట్టండి.

5. కిరాయిదారులకు వేరు మీటరు ఇవ్వడానికి యజమాని సంతకం అడ్డం కాకూడదు. కిరాయి రసీదు, ఆధార్, రేషన్ కార్డు చాలనే ఆదేశం రాతపూర్వకంగా సెక్షన్ ఆఫీసులకు వెళ్లాలి. 2025 జూలై నుంచి కొత్త రేషన్ కార్డులు పంచారు. ఆ కుటుంబాలు మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగకుండా గృహజ్యోతిలో వాటంతటవే చేరాలి.

6. డిస్కనెక్షన్ నోటీసు బిల్లుకు వేరుగా, పెద్ద అక్షరాల తెలుగులో ఇవ్వండి. ఉర్దూ చదివే బస్తీల్లో ఉర్దూలో. అత్యవసర సాయం ఎక్కడ అడగాలో, వాయిదా ఎలా కోరాలో అదే కాగితం మీద ఉండాలి. చదువు రానివారికి లైన్‌మన్ నోటితో చెప్పాలి. ఆ ఐదు నిమిషాలు అతని డ్యూటీలో భాగమని రాసివ్వండి. ఇప్పుడు అతను ఆగి మాట్లాడితే, ఎన్ని ఫ్యూజులు పీకావని సాయంత్రం అడిగేవాళ్లే ఉన్నారు.

7. ఏ నెలలో, ఏ మండలంలో, ఎన్ని గృహ కనెక్షన్లు బకాయి వల్ల ఆపారు, ఎన్ని రోజులకు తిరిగి ఇచ్చారు, ఈ లెక్క నియంత్రణ మండలి ప్రతి మూడు నెలలకు బయటపెట్టాలి. యూనిట్లు, నష్టాలు, వసూళ్లు అన్నిటికీ లెక్కలున్నాయి. చీకట్లో గడిపిన రాత్రులకు కూడా ఉండాలి.

వీటిలో రెండోదాంట్లోని ఎర్ర గుర్తు, మూడోది చేయడానికి కొత్త పైసా అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు. ఈ వారమే ఇవ్వవచ్చు. మిగతావి బడ్జెట్‌తో, టారిఫ్ ఉత్తర్వుతో ముడిపడినవని నాకు తెలుసు. వాటి మీద నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడితే మా బస్తీ నుంచి ఆ వదినే వచ్చి చెబుతుంది, నేను పక్కన ఉంటాను.

మా సర్వీసు వాళ్లకు, ఇప్పటికీ స్తంభాలెక్కుతున్న తమ్ముళ్లకు ఒక మాట. ఈ లేఖ మీ మీద కాదు. ఎండలో, వానలో, అర్ధరాత్రి గాలిదుమారంలో మీరు పడే పాట్లు నేనూ పడ్డాను. లిస్టు చేతికి వచ్చినప్పుడు, ఆ ఇంటి గుమ్మంలో మంచం, మంచం పక్కన మిషన్ కనిపిస్తే, ఫ్యూజు మీద చెయ్యి వేయకముందు మీ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్‌కు) ఒక ఫోన్ చేయండి. నేను చాలాసార్లు చేయలేదు. ఆ ఇళ్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

మా బస్తీలో పోయిన వేసవిలో సరఫరా ఆగిన 31 ఇళ్ల బిల్లులు, నోటీసులు, కట్టిన రసీదుల నకళ్లు ఈ లేఖ ప్రతికి జతచేసి మీ రెండు కార్యాలయాలకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. మంచాన ఉన్నవారు, మిషన్ మీద ఆధారపడినవారు ఉన్న నాలుగు ఇళ్ల కాగితాలు విడిగా పైన పెట్టాను. మొదట వాటిని చూడండి. ఏప్రిల్ బిల్లులు చేతికి వచ్చేలోగా జవాబు కోరుతున్నాం.

ఇట్లు,
బస్తీవాసుల తరఫున,
ఒక రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్